చేతిలో ఫోను ఉన్నది, చెప్పిన మాట వినేదెవరు?

ధవళేశ్వరం: గోదావరి ఎంత పెరిగినదో తెలుసుకోవాలంటే ఒకప్పుడు ఆనకట్ట దగ్గరకు నడచి వెళ్ళాలి, లేకపోతే వెళ్ళి వచ్చిన మనిషిని అడగాలి. నేడు సముద్రం దగ్గరి లంకలో ఉన్న కొబ్బరి రైతు కూడా ఇంటి అరుగు మీద కూర్చుని, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటినదీ లేనిదీ ఫోనులో చూసి చెప్పగలుగుతున్నాడు. నీటిమట్టం సంగతి ఎలా మారినదో, డెల్టా గ్రామాలలో రాజకీయం సంగతి కూడా అలాగే మారినది. నాయకుని మాట వినటానికి బండ్లు కట్టుకుని వెళ్ళిన జనం, ఇప్పుడు కదలకుండానే అన్ని పార్టీల మాటలూ వింటున్నారు. అంతటితో ఆగక తామే మాట్లాడుతున్నారు, ఫోటోలు తీసి పంపుతున్నారు, నిలదీస్తున్నారు.

అయితే ఇన్ని నోళ్ళు లేచినందువల్ల గ్రామాల పనులు త్వరగా జరుగుతున్నాయా? నాయకులకూ అధికారులకూ జవాబుదారీతనం పెరిగినదా? ధవళేశ్వరం బ్యారేజి మీద, దాని చుట్టుపట్ల గత కొన్నేళ్ళలో జరిగిన సంఘటనలను వరుసగా పరిశీలిస్తే ఈ ప్రశ్నకు కొంతవరకు సమాధానం దొరుకుతుంది.

మైకు లేని సభలు

రాజకీయ చర్చకు ఈ ప్రాంతం కొత్తది కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లోనే రాజమండ్రి నుండి 'వివేకవర్ధని' పత్రిక తెచ్చారు. లంచగొండి ఉద్యోగుల బండారాన్ని అచ్చులో పెట్టటం ఈ ప్రాంతంలో ఆ పత్రికతో ఊపందుకున్నది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారు ఆయన మాటలను తెలుగు చేసి వినిపించారు. అప్పటికి మైకులు లేవు. వక్త గొంతు ఎంతదూరం పోతే అంతవరకే సభ. కాని ఆ సభలు విన్న కళాశాల విద్యార్థులలో కొందరు వందేమాతరం ఉద్యమంలో దిగి చదువులు పోగొట్టుకున్నారు. విన్నవారు కొద్దిమందే అయినా, విన్న మాటకు మూల్యం చెల్లించటానికి సిద్ధపడ్డారన్నది గమనించదగ్గ విషయం.

తరువాత కాలంలో పత్రికలు వచ్చాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'ఆంధ్రపత్రిక' 1914లో మద్రాసు నుండి దినపత్రిక అయినది. మద్రాసులో అచ్చయిన కాగితం రైలెక్కి, బండెక్కి పల్లెకు చేరేసరికి వార్త పాతబడేది. అయినా ఒక్క ప్రతి ఊరందరిదీ. చదువు వచ్చినవాడు పైకి చదివితే పదిమంది వినేవారు. మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవారు. ఒకరు ఔనంటే ఒకరు కాదనేవారు. పేపరు చదవటం అంటే అదొక చిన్న సభ.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం ప్రారంభమైనది. పంచాయతీ కార్యాలయాల ముందు పెట్టిన రేడియో చుట్టూ సాయంత్రాలలో జనం మూగటం పెద్దలకు గుర్తున్న సంగతే. కాని రేడియో సర్కారువారిది. అందులో మంత్రిగారి మాట వినిపించేది కాని మంత్రిని అడిగేవాడి మాట వినిపించేది కాదు. ఆ లోటును ఒక మేరకు ప్రజానాట్యమండలి బుర్రకథలు తీర్చాయి. రైతు బాధ, కూలి బాధ తంబురా మీద పలికేసరికి అక్షరం రాని వారికి కూడా రాజకీయం అర్థమైనది.

వీధిలోకి వచ్చిన వెండితెర

పాత పద్ధతులన్నిటినీ ఒక్కసారిగా మార్చిన సంవత్సరం 1982. ఆ ఏడాది మార్చి 29న ఎన్.టి.రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. పాత చెవర్లె వ్యానును చైతన్యరథంగా మార్చి, దాని మీద నిలబడి మైకులో మాట్లాడుతూ రాష్ట్రమంతా తిరిగారు. అంతవరకు జనం నాయకుడున్న చోటికి వెళ్ళేవారు. చైతన్యరథంతో నాయకుడే జనమున్న చోటికి రావటం మొదలైనది. ముప్పయి ఏళ్ళుగా సినిమా హాలులో చూసిన ముఖం ఊరి మధ్య వీధిలో కనిపించేసరికి ఆడవారు, ముసలివారు సైతం రోడ్ల మీదకు వచ్చారు. 1983 జనవరి ఎన్నికలలో 294 స్థానాలకు గాను ఆ పార్టీ 200కు పైగా గెలిచినది. జనవరి 9న రామారావు ముఖ్యమంత్రి అయినారు. పార్టీ పుట్టి అప్పటికి పది నెలలు కూడా నిండలేదు.

సినిమా ముఖాన్ని పరిచయం చేస్తే, ఆ గెలుపు వార్తను ఊరూరికీ మోసినవి పత్రికలు. 1984 ఆగస్టు 16న ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు రేడియో, టెలివిజన్ కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. అప్పుడు ప్రజలు నిజం కోసం వెతికింది దినపత్రికలలోనే. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు మళ్ళీ గద్దె నెక్కవలసి వచ్చినది.

1989 నుండి 'ఈనాడు' జిల్లాలవారీగా చిన్న సైజు అనుబంధాలు వేయటం మొదలుపెట్టినది. తక్కిన పత్రికలూ ఆ దారి పట్టాయి. అంతవరకు పత్రికలో పేరు పడాలంటే మంత్రి కావాలి, లేదా హత్య జరగాలి. జిల్లా పేజీ వచ్చిన తరువాత కాలువ గట్టు తెగినా, రేషను షాపులో కిరసనాయిలు ఇవ్వకపోయినా, బడిలో మాస్టారు లేకపోయినా వార్త అయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాకు ఎదురుతిరిగిన సంగతి అక్షరదీపం వాచకాల ద్వారా, పత్రికల ద్వారా రాష్ట్రమంతా పాకినది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చినది. చదువుకోవటం, వార్త చదవటం, ఉద్యమించటం అనే మూడూ ఒకే దారానికి గుచ్చినట్లు జరిగిన సందర్భం అది.

ఇంటింటికీ ఒక ఛానలు

హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైనా, పల్లెలలో టి.వి. ఇంటి వస్తువు కావటానికి చాలా ఏళ్ళు పట్టినది. 1995లో ప్రైవేటు తెలుగు ఛానళ్ళు వచ్చాయి. 2004 నుండి రోజంతా వార్తలే చెప్పే ఛానళ్ళు వచ్చాయి. శాసనసభలో ఎవరు ఏమన్నారో, ఎవరు మైకు విరిచారో ఓటరు కళ్ళారా చూడగలిగాడు. ఇది మంచి మార్పే.

కాని ఛానళ్ళు పెరిగేకొద్దీ ఒక చిక్కు వచ్చి పడినది. ఏ ఛానలు ఏ పార్టీ వైపు మొగ్గుతుందో ఊళ్ళో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. తన పార్టీకి నచ్చే ఛానలునే చూసే ఇంటికి రెండో పక్షం మాట చేరదు. పూర్వం టీ దుకాణంలో ఒకే పత్రికను రెండు పార్టీలవారూ చదివి వాదించుకునేవారు. నేడు ఒక దుకాణంలో ఒక ఛానలు, ఎదురు దుకాణంలో మరొక ఛానలు. మనుషులు ఎదురెదురుగా కూర్చుని వాదించుకోవటం తగ్గినది.

బ్యారేజి మీద కవాతు

2016 తరువాత చౌకగా ఇంటర్నెట్టు దొరకటంతో ఫోను ప్రతి చేతిలోకి వచ్చినది. దాని ప్రభావం ఈ ప్రాంతంలో 2018లో స్పష్టంగా కనిపించినది. ఆ ఏడాది జూన్‌లో వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డి పాదయాత్ర కొవ్వూరు వైపు నుండి రోడ్డు కం రైలు వంతెన మీదుగా రాజమండ్రిలో ప్రవేశించినది. అక్టోబరు 15న జనసేన అధినేత పవన్ కల్యాణ్ ధవళేశ్వరం బ్యారేజి మీద కవాతు జరిపి, కాటన్ విగ్రహం దగ్గర సభలో మాట్లాడారు. రెండు పార్టీలూ గోదావరి వంతెననే ఎంచుకోవటం యాదృచ్ఛికం కాదు. వంతెన సన్నగా, పొడవుగా ఉంటుంది. క్రింద నీరు, పైన మనుషుల బారు. ఎగిరే కెమెరా పైనుండి తీసిన దృశ్యంలో జనం ఇసుక వేస్తే రాలనట్లు కనిపిస్తారు.

చైతన్యరథానికీ ఈ కవాతుకూ ఉన్న తేడా ఇక్కడే ఉన్నది. 1982లో వ్యాను చుట్టూ మూగినవారు నాయకుని మాట వినటానికి వచ్చారు. 2018లో వంతెన మీద నడచినవారు వినటానికి వచ్చినవారే అయినా, తాము కూడా ఆ దృశ్యంలో భాగమైనారు. ఆ దృశ్యం ఉద్దేశించినది అక్కడికి రాని లక్షలాది మందిని. ఫోనులో ఆ చిత్రం చూసినవాడు సభలో చెప్పిన సంగతులు విన్నాడో లేదో కాని, జనం ఎందరో మాత్రం చూశాడు. బలం చూపటం ముందుకు వచ్చి, విషయం చెప్పటం వెనక్కు పోయినది. ఇది ఏ ఒక్క పార్టీకో పరిమితమైన జబ్బు కాదు.

గుంతల ఫోటోలు లేపిన ప్రశ్న

2021లో మరో సంగతి జరిగినది. రాష్ట్రంలో రోడ్ల దుస్థితిపై ఫోటోలు, వీడియోలు తీసి సామాజిక మాధ్యమాలలో పెట్టవలసిందిగా సెప్టెంబరు మొదట్లో జనసేన పార్టీ పిలుపు ఇచ్చినది. ధవళేశ్వరం బ్యారేజి మీది రోడ్డు గుంతలు కూడా ఆ చిత్రాలతోపాటు రాష్ట్రమంతా చూశారు. అక్టోబరు 2 గాంధీ జయంతి నాడు బ్యారేజి మీద శ్రమదానం చేస్తామని పార్టీ ప్రకటించగా, జలవనరుల శాఖ అధికారులు అనుమతి నిరాకరించారు. బ్యారేజి మీది దారి రోడ్లు భవనాల శాఖది కాదనీ, సాంకేతిక పద్ధతులు పాటించకుండా గుంతలు పూడిస్తే కట్టడానికి నష్టమనీ వారు కారణం చూపారు. చివరకు కార్యక్రమం రాజమండ్రి రూరల్‌లోని హుకుంపేట ప్రాంతానికి మారినది.

ఈ వివాదంలో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అనే వాదన నాటి పార్టీలకు సంబంధించినది. గ్రామస్తులకు పనికివచ్చే పాఠం మరొకటి ఉన్నది. వేలాది ఫోటోలు చేయలేని ఒక పనిని అధికారుల జవాబు చేసినది. బ్యారేజి రోడ్డు ఏ శాఖ బాధ్యతో అది బయటపెట్టినది. 175 గేట్లున్న ఈ బ్యారేజి మీదుగా రోజూ విజ్జేశ్వరం వైపు పోయివచ్చే పాలవారు, విద్యార్థులు, కూలీలు గుంతల గురించి ఎవరికి అర్జీ పెట్టాలో తేలినది. ఫోటో ప్రశ్నను లేపుతుంది. కాగితం మీద వచ్చిన జవాబే బాధ్యుణ్ణి పట్టిస్తుంది. ఫోటోతో ఆగిపోయినవాడికి ఆ పూట పేరు వస్తుంది కాని రోడ్డు రాదు.

వరదలో వార్త, వరదలా వార్త

వార్త ఎంత త్వరగా చేరితే అంత ప్రాణరక్షణ అని గోదావరి వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర 75.6 అడుగుల నీటిమట్టం నమోదు కాగా, ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చినది. ఆనాడు లంకలకు కబురు చేరవేసినవి పోలీసు వైర్‌లెస్సు, రేడియో, టముకు, పడవ. చాలామందికి కబురు కంటె నీరే ముందు వచ్చినది. 2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినది. మొదటి హెచ్చరిక 11.75, రెండవది 13.75, మూడవది 17.75 అడుగుల దగ్గర అని తెలిసినవారు, ఫోనులో గంటగంటకూ అంకెలు చూసుకుంటూ పశువులను గట్టెక్కించుకున్నారు.

రాజకీయంగా కూడా తేడా కనిపించినది. వరద సాయంగా కుటుంబానికి 2,000 రూపాయలు ప్రకటించినప్పుడు, అది అందినవారు, అందనివారు కూడా ఫోను ముందు నిలబడి తమ సంగతి చెప్పారు. 1986లో లంక రైతు గోడు కలెక్టరుగారి చెవిన పడాలంటే మధ్యలో ప్రెసిడెంటుగారిని, క్రింది అధికారులను దాటుకుపోవాలి. 2022లో మోకాలి లోతు నీటిలో నిలబడి మాట్లాడిన మనిషి మాట ఆ సాయంత్రానికే రాజధానిలో వినబడినది. పేదవాడికి ఇది తక్కువ లాభం కాదు.

నష్టం కూడా అక్కడే పొంచి ఉన్నది. ఎన్నడో, ఎక్కడో తెగిన గట్టు దృశ్యాన్ని ఈనాటిదని పంపిస్తే గడియలో ఊళ్ళు ఖాళీ అవుతాయి. రెండుసార్లు అబద్ధం విన్నవాడు మూడవసారి నిజమైన హెచ్చరికను కూడా నమ్మడు. వరద రోజులలో అధికారుల ప్రకటన చూడకుండా ఎవరో పంపిన దృశ్యాన్ని మరొకరికి పంపటం మంచిది కాదు.

అమలాపురం చెప్పిన పాఠం

ఫోను ఎంత దూరం తీసుకుపోగలదో 2022 మే 24న అమలాపురంలో తెలిసినది. ఆ ఏడాది ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు చేర్చాలని మే 18న ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషను ఇచ్చి, అభ్యంతరాలు, సలహాలకు 30 రోజులు గడువు పెట్టినది. అంటే చెప్పదలచుకున్న మాట కాగితం మీద వ్రాసి ఇవ్వటానికి దారి తెరిచే ఉన్నది. గడువులో వారం తిరగకముందే నిరసన హింసగా మారినది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు అగ్నికి ఆహుతి అయినాయి. జనసమీకరణకు వాట్సాప్ గ్రూపులు వాడుకున్నారని పోలీసులు చెప్పారు. అవే గ్రూపులు, కెమెరా దృశ్యాలు తరువాత నిందితులను గుర్తించటానికి ఆధారమైనాయి.

ఆపైన జిల్లాలో ఇంటర్నెట్టును చాలా రోజులపాటు నిలిపివేశారు. ఇంటి నుండి కంప్యూటరు ఉద్యోగాలు చేసుకునే యువకులు సిగ్నలు కోసం జిల్లా దాటి పోవలసి వచ్చినది. దుకాణాలలో ఫోను చెల్లింపులు ఆగాయి. తప్పు చేసినవారు కొందరు, శిక్ష అనుభవించినది జిల్లా అంతా. ఆ ఆగస్టులో ప్రభుత్వం డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ పేరునే ఖాయం చేసినది. గుంపులో పంపిన ఆవేశపు మాటకు ఫలితం ఏమైనదో కేసులలో చిక్కుకున్న కుటుంబాలకు తెలుసు. ఫోనులో మాట తుడిపివేస్తే పోయిందనుకోవటం పొరపాటని కూడా వారికి తెలిసివచ్చినది.

ఎవరికీ తెలియకుండా ఓటు మాయం

2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో మరొక వింత జరిగినది. ఓటర్ల పేర్లు తొలగించాలంటూ ఫారం-7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో ఆన్‌లైనులో దాఖలైనాయి. ఎవరి పేరుతో దరఖాస్తు పడినదో వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఎన్నికల సంఘం విచారణ జరిపించి కేసులు పెట్టించవలసి వచ్చినది. ఒకప్పుడు దొంగ ఓటు వేయాలంటే మనిషి బూతు దగ్గరకు రావాలి, ఏజెంటు కంటపడాలి. నేడు ఎక్కడో కూర్చుని మీట నొక్కితే చాలునన్న పరిస్థితి వచ్చినది. అయితే అదే ఆన్‌లైనులో తన పేరు జాబితాలో ఉన్నదో లేదో ఓటరు క్షణంలో చూసుకోవచ్చు. ఎన్నికల నియమాల ఉల్లంఘన కంటపడితే ఫోటో తీసి సి-విజిల్ ద్వారా ఎన్నికల సంఘానికి పంపే సౌకర్యం కూడా వచ్చినది. ఆయుధం ఒకటే, పట్టుకున్న చేతిని బట్టి ఫలితం.

నోరు పెరిగినది, కూర్చునే చోటు తగ్గినది

2024 మే 13న జరిగిన ఎన్నికలలో రాష్ట్రంలో సుమారు 82 శాతం ఓట్లు పోలైనాయి. హైదరాబాదు, బెంగుళూరు నుండి బస్సులెక్కి వచ్చి మరీ ఓటు వేశారు. కాబట్టి ఫోను వచ్చి జనాన్ని రాజకీయానికి దూరం చేసిందనటం సరికాదు. ఓటు వేయటంలో ఉన్న పట్టుదల, మిగిలిన అయిదేళ్ళలో కనిపించటం లేదన్నదే అసలు లోటు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. అంత ఏర్పాటుతో జరిపితే తప్ప గ్రామసభ అనేది ఒకటున్నదని చాలామందికి గుర్తుకు రాదు. మామూలు రోజులలో గ్రామసభకు వచ్చేవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అదే ఊరి వాట్సాప్ గ్రూపులో వీధి దీపం గురించి వందమంది మాట్లాడతారు. గ్రూపులో మాట్లాడిన మాట తీర్మాన పుస్తకంలోకి ఎక్కదు. తీర్మానం లేనిదే బిల్లు పుట్టదు. బిల్లు పుట్టనిదే దీపం వెలగదు.

2025 జనవరి 30న ప్రభుత్వం 'మన మిత్ర' పేరిట 161 సేవలను వాట్సాప్ ద్వారానే అందించటం ప్రారంభించినది. సర్టిఫికెట్టు కోసం పని మానుకుని నాలుగుసార్లు తిరిగే కూలివానికి ఇది మేలు చేసే మార్పు. కాని అక్షరం రాని ముసలమ్మకు, మనుమడు పట్నంలో ఉంటే, ఆ ఫోను మూగదే. పింఛను ఆగిన కారణం చెప్పే మనిషి ఒకరు ఎదురుగా కూర్చుని ఉండవలసిన అవసరం ఇంకా తీరలేదు.

చేయవలసినది ఏమి?

వందేళ్ళకు పైబడిన ఈ అనుభవంలో ఒక సంగతి తేటపడుతున్నది. పత్రిక గాని, రేడియో గాని, వ్యాను గాని, ఫోను గాని మాటను మోయగలవు. మాటను పనిగా మార్చేవాడు మనిషే. దూబగుంటలో మార్చారు కాబట్టే సారా పోయినది.

కనుక గుంత కనిపించినవారు ఫోటో తీయవలసిందే. తీసిన తరువాత అది ఏ శాఖదో కనుక్కుని, అర్జీ వ్రాసి, ఆ ఫోటో జతచేసి, రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అడిగితే 30 రోజులలో సమాధానం ఇవ్వవలసిన బాధ్యత అధికారిది. ఆ రెండు కాగితాలూ పట్టుకుని గ్రామసభలో లేచి నిలబడినవాని మాట, వేయిమంది చూసిన వీడియో కంటె గట్టిగా వినబడుతుంది. నాయకులు కూడా జనం ఎందరు వచ్చారో పైనుండి చూపించటం తగ్గించి, గత సభలో ఇచ్చిన మాట ఏమైనదో క్రింద నిలబడి చెప్పటం అలవాటు చేసుకోవాలి. అధికారులు తమ జవాబులను కార్యాలయం బల్ల మీద ఉంచుకోక, అర్జీదారు ఫోనుకే పంపితే సగం అపోహలు తొలగుతాయి.

గోదావరికి ఆనకట్ట కట్టినది నీటిని ఆపటానికి మాత్రమే కాదు, కాలువలలోకి మళ్ళించటానికి. ప్రజల మాట కూడా నేడు ఉధృతంగానే పారుతున్నది. దానిని పొలాలకు చేర్చే కాలువలు గ్రామసభ, అర్జీ, ఓటు. వాటిలో పూడిక తీయించుకునే బాధ్యత గ్రామస్తులదే.